వస్తుప్రదర్శనశాలల డిజిటల్ వివరపత్రములు: రక్షణము, సంస్కరణము
(నెల్లూరు తీరప్రాంతపు నిదర్శనములతో)

ప్రస్తావన

వస్తుప్రదర్శనశాల యనగా ప్రాచీనవస్తువులను అద్దపు బీరువాలలో నిలిపి జనులకు చూపు భవనమని సామాన్యముగా తలంతురు. అది దాని బాహ్యరూపము మాత్రమే. ఒక వస్తువు ఎక్కడ లభించినది, ఎప్పుడు లభించినది, ఎవరివలన శాలకు చేరినది, దానిని ఎవరు పరిశీలించి ఏమని నిర్ణయించిరి అను వివరములే ఆ వస్తువునకు ప్రాణము. ఈ వివరములు లేని నాణెము లోహఖండముగా మిగులును. ఈ వివరములు లేని విగ్రహము తన సౌందర్యమును నిలుపుకొనవచ్చును గాని చరిత్రకు సాక్షి కాజాలదు.

గడచిన కొన్ని దశాబ్దములలో ఈ వివరములు కాగితపు పట్టికలనుండి కంప్యూటరులలోనికి చేరుచున్నవి. చేర్చుట ఒక పని. చేర్చినదానిని కాలానుగుణముగా సరిదిద్దుట, సరిదిద్దిన సంగతిని గూడ పదిలపరచుట మరియొక పని. ఈ రెండవది మొదటిదానికంటె కష్టతరము, ముఖ్యతరము. తాళపత్రప్రతులను సరిచూచి గ్రంథపరిష్కరణము చేయు పండితులకు ఈ సమస్య అపరిచితము కాదు. లేఖకుడు తనకు తోచినట్లు మూలమును దిద్ది, దిద్దిన గుర్తైనను విడువనిచో, తరువాతి పరిష్కర్తకు కలుగు క్లేశమెట్టిదో వారెరుగుదురు. డిజిటల్ వివరపత్రములకును అట్టి ప్రమాదమే కలదు. ముత్తుకూరు మొదలైన నెల్లూరు తీరప్రాంతము, దానితో పూర్వము ఒకే జిల్లాగానున్న ఇరుగుపొరుగు సీమలు ఈ విషయమునకు చక్కని నిదర్శనముల నొసగుచున్నవి.

పేరు తెలియని పొలము

నెల్లూరు సమీపమున 18వ శతాబ్ది చివరిభాగమున ఒక కర్షకుడు పొలము దున్నుచుండగా నాగలికి ఇటుకకట్టడ మొకటి అడ్డుపడెను. త్రవ్విచూడగా చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద చిన్న కుండయు బయటపడినవి. ఆ కుండలో రోమను బంగారునాణెములు ఉండెను. మదరాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో వ్రాసిన లేఖ వలన ఈ సంగతి లోకమునకు తెలిసినది. ఆ లేఖ కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ రెండవ సంపుటమున ముద్రితమైనది. కర్షకుడు నాణెములను పాతబంగారముగా అమ్మివేయగా పెక్కు కరగింపబడినవి. ముప్పదికి పైబడిన నాణెములను నవాబు కుమారుడైన అమీర్-ఉల్-ఉమరా సంపాదించెను. వానిలో ట్రేజన్, హేడ్రియన్ చక్రవర్తులవియు, ఫాస్టీనా రాణివియు కలవు. కొన్ని క్రొత్తవివలె మెరయుచుండగా, కొన్ని అరిగి, ఆభరణములుగా ధరించుటకు తొలిచిన రంధ్రములతో నుండెనట.

తీరాంధ్రమునకు రోమను సామ్రాజ్యముతో గల వాణిజ్యమును తెలుపు సాక్ష్యములలో ఇది తొలినాళ్లలోనే లిఖితమైనది. అయినను ఆ లేఖలో పొలమున్న గ్రామము పేరు లేదు. నెల్లూరు సమీపమని మాత్రమే కలదు. కుండలో మొత్తము ఎన్ని నాణెములుండెనో, కరగినవి ఏ చక్రవర్తులవో తెలిసికొను మార్గము లేదు. రంధ్రము లున్న నాణెములకును క్రొత్తవానికిని గల నిష్పత్తి తెలిసియుండిన, ఆ ధనము వర్తకునిదో, ఆలయమునకు సమర్పితమైనదో, కుటుంబపు ఆభరణముల మూటయో ఊహించుటకు వీలుండెడిది. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము లభించినచో కలెక్టరునకు తెలుపవలెనను శాసనము 1878లో గాని రాలేదు. బంగారము కరగినందువలన కలిగిన నష్టముతో పాటు, వివరము వ్రాయబడనందువలన కలిగిన నష్టమును ఇచట గుర్తింపదగినది. మొదటి నష్టము కర్షకుని పేదరికము వలన కలిగినది. రెండవదానిని ఒక కాగితము, ఒక గ్రామనామము నివారించియుండెడివి.

స్థిరసంఖ్య, ప్రవేశపట్టిక

వస్తువు శాలకు చేరిన వెంటనే దానిని ప్రవేశపట్టికలో, అనగా ఆక్సెషన్ రిజిస్టరులో, నమోదు చేయుదురు. అందు దానికొక సంఖ్య లభించును. పెక్కు శాలలలో ఈ సంఖ్య మూడు భాగములుగా నుండును: చేరిన సంవత్సరము, ఆ సంవత్సరమున చేరిన సముదాయపు వరుస, ఆ సముదాయములో వస్తువు వరుస. ఈ సంఖ్యను వస్తువుపై కనబడని చోట చెరగని సిరాతో వ్రాయుదురు. తరువాత వస్తువు పేరు మారవచ్చును, కాలనిర్ణయము మారవచ్చును, అది ఉంచబడిన గది మారవచ్చును. సంఖ్య మాత్రము మారరాదు. వస్తువు పోయినను, పగిలినను ఆ సంఖ్యను వేరొక వస్తువునకు ఇవ్వరాదు.

ప్రవేశపట్టిక కుట్టిన పుస్తకమై, పుటలకు ముందుగానే అంకెలు వేయబడి యుండును. అందు చెరిపివేతకు తావులేదు. తప్పు దొర్లినచో పాతమాట కనబడునట్లు ఒక గీత గీసి, పైన సరియైన మాట వ్రాసి, తేదీ వేసి అధికారి చేవ్రాలు చేయవలెను. ఒకప్పటి గ్రామకరణముల లెక్కలలో దిద్దుబాటునకు చేవ్రాలు కోరిన న్యాయమే ఇదియు.

సంఖ్యలు పెరిగినకొలది వాని పరస్పరసంబంధమును నిలుపుటయు అవసరమగును. అమరావతీ స్తూపపు ఫలకములు దీనికి ప్రసిద్ధోదాహరణము. వాల్టర్ ఎలియట్ 1845లో త్రవ్వించిన శిల్పములు మదరాసు చేరి, వానిలో పెక్కు 1859లో లండనుకు పంపబడినవి. అచటి ఇండియా మ్యూజియము మూతపడిన పిదప 1880లో బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి. అచటి నమోదుసంఖ్య 1880,0709 అను అంకెలతో మొదలగును. మొదటిది సంవత్సరము, తరువాతి నాలుగంకెలు మాసమును దినమును. డగ్లస్ బారెట్ 1954లోను, రాబర్ట్ నాక్స్ 1992లోను ప్రకటించిన సూచికలలో ఫలకములకు వేరువేరు వరుససంఖ్యలు కలవు. మదరాసు మ్యూజియములో మిగిలిన శిల్పములకు శివరామమూర్తి 1942లో సూచికను రచించెను. ఒకే స్తూపపు శిల్పములను పరిశోధించువాడు ఇన్ని సంఖ్యలనడుమ సంచరింపవలసియున్నది. మదరాసు ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారపు డి. సంఖ్యలు, ఆర్. సంఖ్యలు ఎరిగిన ప్రాచ్యకళాశాలాధ్యాపకులకు ఈ శ్రమ అనుభవవేద్యమే. మంచి డిజిటల్ వివరపత్రము పాతసంఖ్యలలో దేనిని త్రోసివేయదు. అన్నిటిని పూర్వసంఖ్యలను గడిలో వరుసగా నిలుపును.

కంప్యూటరులోనికి ప్రవేశము

మన దేశమున పూణేలోని సీ-డాక్ సంస్థ ‘జతన్’ అను సాఫ్ట్‌వేరును వస్తుప్రదర్శనశాలల కొరకు రూపొందించినది. కేంద్ర సాంస్కృతికశాఖ ఆధ్వర్యమున పది శాలల సేకరణలు దీని సాయమున ఒక జాతీయ పోర్టలులో చేర్చబడినవి. వానిలో తెలుగునేలకు చెందినవి రెండు: హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియము, నాగార్జునకొండలోని పురావస్తు మ్యూజియము.

ఇట్టి సాఫ్ట్‌వేరులో ఒక్కొక్క వస్తువునకు ఒక పత్రము, పత్రమునందు అనేకమైన గడులు ఉండును. వస్తునామము, పదార్థము, కొలతలు, కాలము, లభ్యస్థలము, చేరినవిధము, ప్రస్తుతస్థానము, స్థితి, ఛాయాచిత్రము మొదలైనవి వేరువేరు గడులలో చేరును. అపహృతవస్తువులను గుర్తించుటకు ఏ వివరములు కనీసమవసరమో తెలుపు ‘ఆబ్జెక్ట్ ఐడి’ అను అంతర్జాతీయప్రమాణము 1997లో వెలువడినది. ఛాయాచిత్రము, కొలతలు, శాసనములు లేక గుర్తులు, ఆ వస్తువును దానివంటి ఇతరవస్తువులనుండి వేరుచేయు లక్షణములు అందు ముఖ్యములు.

గడులలో వ్రాయు మాటలు ఏకరూపముగా నుండవలెను. ముత్తుకూరు అను ఒక్క పేరే ఆంగ్లలిపిలో ఒకచోట తకారద్విత్వముతోను, ఒకచోట హకారము చేర్చియు, మరియొకచోట కడపటి ఉకారము విడిచియు వ్రాయబడుచున్నది. మనుష్యుడు ఈ రూపములన్నియు ఒక్క ఊరినే తెలుపునని గ్రహించును. కంప్యూటరునకు అవి వేరువేరు ఊళ్లు. ఒక రూపముతో వెదకినవానికి రెండవ రూపమున నమోదైన వస్తువు కనబడదు. అందుచేత ప్రమాణనామముల పట్టికను ముందుగా సిద్ధపరచి, తక్కిన రూపములను దానికి పర్యాయములుగా కలుపుదురు. నిఘంటుకారుడు పర్యాయపదములకు చేయు వ్యవస్థకును దీనికిని భేదము స్వల్పము.

మారుచుండు వివరములు

వివరపత్రము పూర్తియైనదని ఏనాడును చెప్ప వలనుపడదు. మార్పులు ముఖ్యముగా నాలుగు మార్గముల కలుగును.

మొదటిది స్థలవ్యవస్థలోని మార్పు. ముత్తుకూరు ఇసుకదిబ్బలలో ఒక రాగినాణెము లభించినదని ఊహింపుడు. 1940లో దొరకినచో పట్టికలో ‘మదరాసు రాజధాని’ అని యుండును. 1954లోనైన ‘ఆంధ్రరాష్ట్రము’, 1957లోనైన ‘ఆంధ్రప్రదేశ్’ అని వ్రాయవలెను. 1985లో తాలూకాల స్థానమున మండలములు ఏర్పడినవి. 2008లో జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా యని పేరు మారినది. ఇసుకదిబ్బ కదలలేదు, దాని చిరునామా కదలినది.

శాసనముల విషయమున ఈ చిక్కు ఇంకను స్పష్టము. బట్టర్‌వర్త్, వేణుగోపాలచెట్టి గారలు నెల్లూరుజిల్లా శాసనములను మూడు భాగములుగా 1905లో ప్రకటించిరి. అందు శాసనములు తాలూకాల వారీగా కూర్చబడి, తాలూకా పేరుతో కూడిన సంఖ్యలను పొందినవి. ఒంగోలు తాలూకా శాసనములును ఆ గ్రంథమున కలవు. అయితే 1904లోనే ఒంగోలు తాలూకా క్రొత్తగా ఏర్పడిన గుంటూరుజిల్లాలో చేరినది. 1970లో ఒంగోలుజిల్లా ఏర్పడెను. 1972లో దానికి ప్రకాశముజిల్లా యను పేరు వచ్చెను. కావున ఒక శిల స్వస్థానమునుండి అంగుళమైనను జరుగక, నెల్లూరు, గుంటూరు, ఒంగోలు, ప్రకాశము అను నాలుగు జిల్లాపేర్లను చూచినది. ఆ శాసనమునుగూర్చి ఈ శతాధికవర్షములలో వెలువడిన రచనలు ఆయా కాలముల పేర్లనే వాడినవి. వివరపత్రమున నేటి జిల్లాపేరు మాత్రమే ఉంచి పాతవానిని తొలగించినచో, ఆ రచనలను ఈ శిలతో ముడివేయు దారము తెగును. అందుచే లభించిననాటి స్థలము, నేటి పాలనాస్థలము అను రెండు గడులుండవలెను. మొదటిది మార్చరానిది, రెండవది మార్చదగినది. వీలైనచో అక్షాంశరేఖాంశములు మూడవ గడియగును. ఏ ప్రభుత్వమును వానికి పేరు మార్చజాలదు.

రెండవది గుర్తింపులోని మార్పు. గద్యముగా నమోదైన శాసనభాగము తరువాత ఛందోబద్ధమని తేలవచ్చును. పండరంగని అద్దంకి శాసనమున తరువోజ కలదని తెలిసినవారికి, ఇట్టి గుర్తింపు సాహిత్యచరిత్రనే మార్చగలదని వేరుగ చెప్ప నక్కరలేదు. ప్రకృతిశాస్త్రసేకరణలలో ఈ మార్పు మరింత తరచు. ముత్తుకూరులో 1991లో మత్స్యశాస్త్రకళాశాల ఏర్పడినది. ఆ చుట్టుపట్ల చెరువులలో పెంచు వెన్నామీ రొయ్యకు 1931లో పినేయస్ వెన్నామీ యను శాస్త్రీయనామము ఉంచబడినది. 1997లో ఇద్దరు శాస్త్రజ్ఞులు దానిని లిటోపినేయస్ అను ప్రజాతిలో చేర్చిరి. తరువాతి పరిశోధనల ఫలితముగా పినేయస్ అను పాతపేరే మరల విస్తృతముగా స్వీకృతమైనది. ఈ తీరమున సహజముగా దొరకు తెల్లరొయ్యయు అట్లే పినేయస్ నుండి ఫెన్నెరోపినేయస్‌కు పోయి తిరిగివచ్చినది. సీసాలోని రొయ్య మారలేదు. 2000 ప్రాంతమున పాతపేరును చెరిపి క్రొత్తపేరు వ్రాసిన శాల, తరువాత మరల చెరుపవలసి వచ్చియుండును. పేరును, పేరిడినవారిని, తేదీని వరుసగా చేర్చుచుపోయిన శాలకు ఆ శ్రమ లేదు. దాని పత్రము ఆ శాస్త్రచరిత్రను గూడ చెప్పును.

మూడవది ఉనికిలోని మార్పు. వస్తువు గదినుండి గదికి, శాలనుండి ఎరువు ప్రదర్శనకు, అచటినుండి మరమ్మతుశాలకు పోవుచుండును. ప్రతి కదలికయు, కదల్చినవారి పేరుతో, కదలికకు ముందుగానో వెనువెంటనో నమోదు కావలెను. నాలుగవది స్థితిలోని మార్పు. సముద్రతీరపు ఉప్పుగాలికి రాగి, ఇనుము త్వరగా క్షయించును. తాళపత్రము తేమకు మెత్తబడి పురుగునకు ఆహారమగును. పరీక్షించిన తేదీ, చేసిన చికిత్స, వాడిన ద్రవ్యము పత్రమున లేనిచో, తరువాతి రక్షకుడు పూర్వచికిత్సకు విరుద్ధమైన ద్రవ్యమును వాడి అపకారము చేయగలడు.

దిద్దు విధానము

ఈ మార్పులను ఎట్లు నమోదు చేయవలెనో తెలుపు ప్రమాణములు కలవు. బ్రిటనులో 1994లో తొలిసారి వెలువడిన ‘స్పెక్ట్రమ్’ వానిలో బహుళప్రచారము గలది. 2017 నాటి దాని అయిదవ కూర్పున 21 విధానములు వివరింపబడినవి. వస్తుప్రవేశము, ఎరువు, స్థలమార్పు, తనిఖీ, స్థితిపరీక్ష మొదలైనవానికి ఎవరు ఏమి వ్రాయవలెనో అది నిర్దేశించును. సిడాక్ సంస్థవారి భావనానిర్మాణము 2006లో ఐఎస్ఓ 21127 అను అంతర్జాతీయప్రమాణమైనది. దాని దృష్టి విశేషమైనది. వస్తువును స్థిరమైన లక్షణముల సముదాయముగా గాక, సంఘటనల పరంపరగా అది చూచును. చేయుట, లభించుట, చేతులు మారుట, గుర్తింపబడుట అన్నియు సంఘటనలే. ప్రతి సంఘటనకును కర్త, కాలము, స్థలము ఉండును. క్రియను ప్రధానముగా గొని కారకములను దానితో అన్వయించు శాబ్దికుల పద్ధతి ఎరిగినవారికి ఈ నిర్మాణము సులభముగా బోధపడును.

ఆచరణమున నాలుగు నియమములు ముఖ్యములు. ఒకటి, పాతవిలువను తొలగింపక క్రొత్తవిలువను చేర్చవలెను. రెండు, ప్రతి మార్పునకును మార్చినవారు, తేదీ, ఆధారము అను మూడింటిని మార్పుల చిట్టాలో నిలుపవలెను. ఈ చిట్టాను ఎవరును దిద్దరాదు. మూడు, ప్రతిపాదించువాడును ఆమోదించువాడును ఒక్కడే కారాదు. స్థలమార్పును గుమాస్తా నమోదు చేయవచ్చును గాని, కాలనిర్ణయమును మార్చుటకు విషయనిపుణుని అనుమతి కావలెను. నాలుగు, పత్రమును వస్తువుతో నియతకాలమున సరిపోల్చవలెను. బీరువానుండి పత్రమునకు, పత్రమునుండి బీరువాకు రెండు దిక్కులనుండియు తనిఖీ జరుగవలెను. మొదటి తనిఖీలో నమోదుకాని వస్తువులు, రెండవదానిలో కనబడని వస్తువులు బయటపడును.

ఈ నియమములలో మొదటిది పాఠపరిష్కరణశాస్త్రపు మూలసూత్రమే. పరిష్కర్త తనకు సాధువని తోచిన పాఠమును పైన నిలిపి, తక్కిన పాఠాంతరములను ప్రతిసంకేతములతో అధోజ్ఞాపికలలో చూపును. దుష్టపాఠమని తాను త్యజించినదియు అచట ఉండును. ఏలయన, రేపటి పండితునకు అదియే సాధుపాఠమని తోచవచ్చును. కాగితపు పట్టికలో గీత క్రింద పాతమాట కనబడుచుండెడిది. కంప్యూటరున పాతమాటపై క్రొత్తమాట వ్రాసినచో గీతయు మిగులదు. క్రొత్తసాధనము సౌకర్యముతో పాటు ఈ అపాయమును గూడ తెచ్చినది.

నమోదు లేనిచో

2023 ఆగస్టులో బ్రిటిషు మ్యూజియమునుండి సుమారు 2,000 వస్తువులు పోయినవనియు, దెబ్బతిన్నవనియు బయటపడినది. వానిలో పెక్కింటికి సరియైన నమోదు లేదు. పట్టికలో లేని వస్తువు పోయినదని నిరూపించుటయే కష్టము. అదే సంవత్సరము అక్టోబరులో ఆ సంస్థ తన సేకరణను సంపూర్ణముగా డిజిటల్ రూపమున నమోదు చేయుటకు అయిదేండ్ల ప్రణాళికను ప్రకటించినది. చేర్చవలసినవియు, మెరుగుపరుపవలసినవియు కలిపి 24 లక్షల పత్రములు ఉన్నవని చెప్పినది. అంతటి ప్రాచీనసంస్థయందే పని అంత మిగిలియున్నది.

తెలుగునేలకు సంబంధించిన ఉదాహరణము ప్రకాశముజిల్లా చందవరము. అచటి బౌద్ధక్షేత్రమున లభించి, స్థానికప్రదర్శనశాలలో నుంచబడిన సున్నపురాతి శిల్పము అపహృతమై, చేతులు మారి, 2005లో ఆస్ట్రేలియా జాతీయకళాశాలకు విక్రయింపబడినది. బుద్ధుని ఆరాధించు భక్తులు దానిపై చెక్కబడియున్నారు. అది చందవరమునకు చెందినదని తెలుపు ఆధారములు లభించిన మీదట 2016లో భారతదేశమునకు తిరిగి అప్పగింపబడినది. శిల్పము తనకుతాను ఏ దేశపు న్యాయస్థానమునను మాటలాడజాలదు. దాని పక్షమున మాటలాడునది స్వస్థలమున నిలిచిన ఆధారమే. చందవరపు శిల్పమునకు అట్టి ఆధారము ఉండెను. నెల్లూరు పొలములోని కుండకు లేకపోయెను.

ఉపసంహారము

డిజిటల్ వివరపత్రము ఒకసారి వ్రాసి ముగించు గ్రంథము కాదు, వ్యాఖ్యానములు చేరుచుండు మూలము వంటిది. మూలము చెడకుండ వ్యాఖ్య పెరుగవలెను. సంఖ్య స్థిరముగా, వివరము చరముగా, చరత్వపు జాడ చెరగనిదిగా ఉండుటయే ఇందలి సారము.

ప్రాచ్యకళాశాలల గ్రంథాలయములలో తాళపత్రములు, రాగిశాసనముల నకళ్లు, దాతలిచ్చిన పాతనాణెములు కొలదిగానో గొప్పగానో ఉండును. వానికి ఖరీదైన సాఫ్ట్‌వేరు లేకున్నను లోపము లేదు. పుటలకు అంకెలు వేసిన ఒక ప్రవేశపట్టిక, వస్తువుకొక మార్పులేని సంఖ్య, ఒక స్పష్టమైన ఛాయాచిత్రము, దిద్దిన ప్రతిసారి తేదీ, పేరు, ఆధారము ఉన్నచో, అవి కంప్యూటరునకు ఎప్పుడెక్కించినను ఉపయోగపడును. ఇవి లేక ఎక్కించినచో అజ్ఞానమే డిజిటల్ రూపము దాల్చును. ముత్తుకూరు తీరమున రేపు ఏ వలలోనో, ఏ రొయ్యల చెరువు త్రవ్వకములోనో ఒక పాతనాణెము పైకి రావచ్చును. అది దొరకిన ఊరిపేరు ఆనాడే వ్రాయబడుటపైననే దాని చరిత్ర ఆధారపడియుండును.